తలుపుకు అడ్డం పెట్టిన మరదలు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా జనాన్ని పైకి పంపించడమే ఆయన ఉద్యోగమని నేను ఎవరితోనైనా అంటే అక్కకి ఒళ్ళు మండుతుంది. పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. ఏ లిఫ్టునైనా విప్పి బిగించాక, దాన్ని పూర్తిగా ఆపేసి, మళ్ళీ పెట్టి, ముందు తనొక్కడే ఎక్కి పై అంతస్తు దాకా వెళ్ళొస్తాడు. కింద జనం గడియారాలు చూసుకుంటూ గొణుక్కుంటున్నా సరే, ఆయన దిగొచ్చి "ఊఁ, ఎక్కండి" అనేదాకా ఎవరూ లోపల కాలు పెట్టకూడదు. "నేను ఎక్కి చూడని లిఫ్టులో ఇంకొకళ్ళని ఎక్కించను" అంటాడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇంత బుద్ధిమంతుడికి ఒక పిచ్చి ఉంది. ఆఫీసుల్లో లిఫ్టు చూసి వచ్చేటప్పుడు ఆయన చంకలో ఏదో ఒక పెట్టె ఉంటుంది. లావుపాటి పుస్తకమంత ఉంటుంది అది. లోపల హార్డ్‌డిస్క్ పెట్టి ఇంటి నెట్‌కి తగిలిస్తే, ఇంటిల్లిపాదీ ఫొటోలూ ఫైళ్ళూ అందులో దాచుకోవచ్చు, ఎక్కడి నుంచైనా తెరిచి చూసుకోవచ్చు. కొన్నాళ్ళు పోయాక దాన్ని చేసిన కంపెనీ "ఇక దీని సంగతి మేం చూడం" అని చేతులెత్తేస్తుంది. ఆఫీసువాళ్ళు తీసి మెట్ల కింద పడేస్తారు. మా బావ ఏరుకొస్తాడు. లోపలున్న ఆర్మ్ ప్రాసెసర్ ఫోన్లలో ఉండే జాతిదేనట, చిన్నదే కానీ గట్టి పిండమట, కరెంటు కూడా చీమ తిన్నంతే తింటుందట. కంపెనీ సాఫ్ట్‌వేర్ పీకేసి, లైనక్స్ అని ఊరికే దొరికే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పెట్టె మళ్ళీ లేచి కూర్చుంటుందట. ఈ "అట"లన్నీ నేను వాళ్ళింట్లో టీ తాగినందుకు విన్నవి.

నేను అక్కకి చెల్లెల్ని. అదే భవనంలో కింది వాటాలో ఉంటాను. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. నోట్లో దూది కుక్కుకున్నవాళ్ళతో మాట్లాడి మాట్లాడి, ఎదుటివాళ్ళు అడ్డు తగలరన్న ధీమా నాకు ఒంటబట్టిపోయింది. ఆ ధీమా మా బావ దగ్గర మాత్రం చెల్లదు.

లైనక్స్ ఎక్కించేటప్పుడు ప్రతి పెట్టెకీ ఒక పేరు పెట్టాలి. హాల్లో చెప్పుల అరలోంచి చెప్పుల్ని తరిమేసి పెట్టెల్ని వరసగా నిలబెట్టాడు. అన్నిటికంటే పెద్దదాని పేరు పట్టపురాణి. దాని పక్కది అత్తగారు, అంటే మా అమ్మ. ఈ సంగతి అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఆయన మొట్టమొదట తెచ్చిన బుల్లి పెట్టె పేరు మరదలు.

"ఇన్ని పెట్టెలు పెట్టుకుని అంత చిన్నదానికా నా పేరు?" అన్నాను.

"చిన్నదైనా మోతెక్కువ. పనున్నా లేకపోయినా లోపల ఫ్యాను గిర్రుగిర్రుమంటూనే ఉంటుంది. ఇంకెవరి పేరు పెట్టమంటావు చెప్పు?" అన్నాడు.

పెద్ద పెట్టెలు వచ్చాక మరదలికి మెమరీ చాలదని పక్కన పడేశాడు. వాళ్ళ వంటింటి తలుపు గాలికి ధడాలున కొట్టుకునేది. అక్క ఆ పెట్టెని తీసుకెళ్ళి తలుపుకు అడ్డం పెట్టింది. ఆ రోజు నుంచి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా నా కాలికి నేనే తగిలేదాన్ని.

ఇక అక్క. కిటికీలకి పరదాలు కుట్టి ఇస్తుంది. కానీ ఆమె ప్రాణమంతా ఇంకో పనిలో ఉంది. చూపు లేని పిల్లల బడికి పాఠాలు చదివి రికార్డు చేసి పెడుతుంది. వీధిలో గోల లోపలికి రాకుండా బట్టల అలమరాలో దూరి, తలుపు మూసుకుని, వేలాడే చొక్కాల మధ్య కూర్చుని ఫోన్లోకి చదువుతుంది. ఉన్నది ఉన్నట్టు చదివితే ఆ పిల్లలకి చాలదని మధ్యమధ్యలో తన మాటలు కలుపుతుంది. ఫోన్లో చోటు చాలదు కాబట్టి చదివినదాన్ని చదివినట్టే పట్టపురాణికి పంపేసి, ఫోన్లోంచి చెరిపేస్తుంది. బడి పిల్లలు అక్కడి నుంచి పట్టపురాణిని తెరుచుకుని వింటారు.

ఆమె మెడలో గడ్డ తేలింది. ప్రమాదం లేదు కానీ తీసెయ్యాలన్నారు. గొంతు నరం పక్కనే ఉంది కాబట్టి, గొంతు మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. అక్క ఇంటికొచ్చి ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. అలమరాలో దూరింది. పై తరగతి పుస్తకాలన్నీ ఆపరేషన్ లోపే చదివేసింది.

ఆసుపత్రికి బయల్దేరే ముందు అడిగింది. "ఏవండీ, ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పడేస్తే పోలా?"

మా బావకి తల కొట్టేసినట్టయింది. "పెన్‌డ్రైవా! చొక్కా జేబులో మరిచిపోయి వాషింగ్ మెషీన్లో వెయ్యడానికా? పట్టపురాణి పెట్టిన రోజు నుంచి ఒక్కసారైనా ఆగిందా చెప్పు? పోనీ అది పోయిందే అనుకో, అత్తగారి దగ్గర ఇంకో కాపీ ఉంది."

ఆగకపోవడమే ఆయన గర్వం. పెట్టె ఆగకుండా ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందో లైనక్స్‌ని అడిగితే చెబుతుంది. బావ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఆ సంగతి అడిగేవాడు. పై వాటావాళ్ళకి చెప్పేవాడు, కింది వాటాలో నాకు చెప్పేవాడు, ఎవరూ దొరక్కపోతే అద్దానికి చెప్పుకునేవాడేమో. కొత్త అప్‌డేట్లు వచ్చినప్పుడు శ్రద్ధగా ఎక్కించేవాడు. "ఇప్పుడు ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టండి" అని పెట్టె అడిగితే మాత్రం చెవిన పెట్టేవాడు కాదు. ఆపితే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది కదా!

ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు చెప్పేదాకా నోరు మెదపకూడదన్నారు. అక్క ఒక పలక పట్టుకుని ఏం కావాలన్నా రాసి చూపించేది. తిట్లు కూడా రాసే చూపించాల్సి రావడంతో బావకి సగానికి సగం తిట్లు తప్పిపోయాయి. ఆయన ఇంటి పనంతా చేశాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

అప్పుడు మా భవనంలో మీటర్ల బోర్డు మార్చారు. పొద్దున్న తీసిన కరెంటు మధ్యాహ్నం దాకా లేదు. పెట్టెలకి ఆసరాగా పెట్టిన బ్యాటరీ కాసేపు కీచుకీచుమని అరిచి అదీ పడుకుంది. కరెంటు వచ్చాక ఫ్రిజ్ మూలిగింది, ఫ్యాన్లు తిరిగాయి, గేటు దీపం పట్టపగలే వెలిగింది. పట్టపురాణి దీపం మాత్రం మినుకు మినుకుమంటూ ఉండిపోయింది. అత్తగారూ, అరలో మిగతావీ అంతే.

"వస్తుందిలే, లేవడానికి టైము తీసుకుంటుంది" అన్నాడు బావ. టీ పెట్టుకుని తాగాం. కప్పులు కడిగాం. రాలేదు.

నేను క్లినిక్ ల్యాప్‌టాప్ తెచ్చాను. బావ పట్టపురాణి పొట్ట విప్పి, డిస్క్ బయటికి తీసి, దానికి తగిలించాడు. ల్యాప్‌టాప్ ఒక్క క్షణం ఆలోచించి, ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడిగింది. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచెయ్యడం. సరే అందామని నేను వేలు పెట్టబోయాను.

"ముట్టుకోకే తల్లీ!" అని బావ పెట్టిన కేకకి అక్క పలక వదిలేసింది.

లైనక్స్ రాసుకున్న తీరు ఆ ల్యాప్‌టాప్‌కి చదవడం రాదట. చదవడం రానప్పుడు నోరు మూసుకుని ఉండాలి కానీ, తుడిచేస్తాననడం ఏం మర్యాద? పోనీ దానికే లైనక్స్ ఎక్కిద్దామా అన్నాడు బావ. అది పళ్ళ డాక్టరుది. నా ఉద్యోగం నాకు కావాలన్నాను.

బావ పట్టపురాణి బోర్డు మీద మూడు సన్నటి తీగలు అతికించాడు. వాటిని ల్యాప్‌టాప్‌కి కలిపితే, పెట్టె లేచేటప్పుడు లోపల్లోపల ఏమనుకుంటుందో అక్షరాలుగా కనబడుతుంది. ఆ అక్షరాలు చదువుతూ చదువుతూ ఆయన ముఖం వాడిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"కెర్నల్ సగమే ఉంది" అన్నాడు.

కెర్నల్ అంటే లైనక్స్‌కి గుండెకాయ. పెట్టె లేవాలంటే అది లోపలి చిన్న చిప్పులో ఉండాలి. ఏడాదికేడాది లైనక్స్ లావెక్కింది, చిప్పులో చోటు మాత్రం పెరగలేదు. పోయిన అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ అందులో పట్టలేదు. పట్టలేదని అప్పుడే పెట్టె చెప్పింది కూడా. ఎలాగూ ఆపేది లేదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు ఈయన. ఎప్పుడో లేచినప్పుడు మెమరీలోకి ఎక్కిన పాత కెర్నల్ అక్కడే ఉండబట్టి పెట్టె అన్నాళ్ళూ నడుస్తూనే ఉంది. కరెంటు పోగానే మెమరీలో ఉన్నది కాస్తా పోయింది. అదే రోజు అదే చేత్తో అత్తగారికీ, మిగతావాటికీ అదే అప్‌డేట్ చేశాడు. మా అమ్మకి తెలిస్తే బతకనివ్వదు.

ఇంతలో బడి నుంచి టీచరుగారి ఫోను. బావ స్పీకరులో పెట్టాడు.

"పొద్దున్నుంచి పాఠాలు వినబడటం లేదంటున్నారండీ పిల్లలు. పరీక్షలు దగ్గర పడ్డాయి, ఒకటే గోల. మీ దగ్గర పోయి ఉంటే చెప్పండి, ఫరవాలేదు. అమ్మగారు వీలు చూసుకుని ఇంకోసారి చదివి పంపిస్తే..."

అక్క కింద పడ్డ పలక తీసి, రెండే మాటలు రాసి ఆయన ముందు పెట్టింది.

"ఏ గొంతుతో?"

బావని నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను, ఆయన ముఖం చూసి మూసేశాను. నా జన్మలో అలా మూసుకోవడం అదే మొదలు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి విసవిసా వెళ్ళాను. బొటనవేలు దేనికో ఠప్పున తగిలింది. ఇంకెవరు, నేనే!

కుంటుతూ వెనక్కి వచ్చాను. "బావా! ఈ ముదనష్టపు మరదల్లో లైనక్స్ ఉందా, ఊడబెరికేశారా?"

"ఉంటే ఏం లాభం? ఓబీరాయన కాలం నాటిది. దానికి అప్‌డేట్లు చెయ్యడం ఎప్పుడో మానే..." అని ఆగిపోయాడు. "మానేశాను" అని ఈసారి మెల్లగా అన్నాడు. "అందులో పాత కెర్నల్ ఉంది. సన్నటిది. పూర్తిగా ఉంది!"

ఒక్క ఉదుటున లేచి మరదల్ని ఎత్తుకొచ్చాడు. పెట్టె ఒక పక్కంతా తలుపు గీతలు, ఇంకో పక్క నూనె జిడ్డు. తుడిచి, పట్టపురాణి కరెంటు వైరూ నెట్ వైరూ దీనికి పెట్టి, డిస్క్ తగిలించి, స్విచ్ వేశాడు. ఫ్యాను గిర్రుమంది. ఇల్లంతా మోత. అంత మోతలోనూ ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. దీపం మినుకుమంది, మినుకుమంది, నిలిచింది.

బావ ఫోన్లో ఏదో నొక్కాడు. హాల్లో అక్క గొంతు పలికింది.

"మేఘాలు. మేఘం ఎలా ఉంటుందని అడుగుతారు కదూ? దిండు చిరిగినప్పుడు దూది చేతికి తగులుతుందే, అలా మెత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ముట్టుకుంటే తడి. స్నానం చేసి తలుపు తీసినప్పుడు ముఖానికి తగిలే ఆవిరి ఉంది చూడండి, అదే..."

మధ్యలో చిన్న దగ్గు. అలమరాలో హ్యాంగరు ఏదో జారిన చప్పుడు. ఆమెలో ఆమె నవ్వుకోవడం. ఆ నవ్వు వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎంత ఇష్టమో నాకు ఆ గొంతంటే! పుట్టినప్పటి నుంచి నన్ను తిట్టిన గొంతు. అక్క మెడ మీది పట్టీని చేత్తో పట్టుకుని, ఎవరో వేరే మనిషి చెబుతున్నట్టు పాఠం వింటోంది.

బావ కళ్ళు తుడుచుకున్నాడు. మరదలి నెత్తి మీద చెయ్యి వేసి అన్నాడు. "ఇంక దీన్ని చచ్చినా ఆపను!"

ఒకటీ రెండూ మాటలైతే మాట్లాడవచ్చని డాక్టరు ఆ వారమే చెప్పాడు. అక్క అప్పటిదాకా ఎందుకో నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పింది. బొంగురుగా, సగం గాలిలా, నేనెరగని గొంతు.

"ఆపండి."

బావకి అర్థం కాలేదు.

"ఆపి, మళ్ళీ పెట్టండి."

"ఇప్పుడేగా లేచింది! చక్కగా నడుస్తున్నదాన్ని ఎందుకే..."

అక్క కాస్త ఆయాసం తీర్చుకుంది. "మీరు ఎక్కి చూడని లిఫ్టులో నన్నెందుకు ఎక్కించారు?"

బావ తల దించుకున్నాడు. వెక్కిరించడానికి నా దగ్గర కావలసినంత సరుకు ఉంది, ఒక్కటీ వాడబుద్ధి కాలేదు. ఆయన ముందుగా పాఠాలన్నీ నేను కిందికెళ్ళి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తర్వాత స్విచ్ మీద వేలు పెట్టాడు. ఆపాడు. మోత పోయింది, మేఘాల పాఠం మాట మధ్యలో తెగిపోయింది, ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ వేశాడు. మరదలు గిర్రుమంది. దీపం మినుకుమంది, మినుకుమంది, నిలిచింది. దిండులో దూది మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

బావ బడికి ఫోను చేశాడు. అక్క చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"ఊఁ, ఎక్కండి" అన్నాడు టీచరుగారితో.