మెంబరమ్మ లెక్కపెట్టిన చేతులు

మా నాయనమ్మను ఊరంతా మెంబరమ్మ అనేది. పంచాయతీలో వార్డు మెంబరు మరి. తాతయ్య పోయాక ఇంట్లో పోట్లాడటానికి మనిషి దొరక్క ఊరి మీద పడిందని నా నమ్మకం.

ఊరికి ఆనుకుని అపార్టుమెంట్లు లేచాయి. సిటీ నుంచి వచ్చినవాళ్లు మా నీళ్లు వాడుకునేవారు, ఓటు మాత్రం సిటీలోనే ఉంచుకునేవారు. ఊరి లిస్టులో జనం పెరిగితేనే పెద్ద నీళ్ల ట్యాంకు ఇస్తామని ఆఫీసరు అనడమే ఆలస్యం, నాయనమ్మ నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని లిఫ్టెక్కింది. ప్రతి తలుపూ కొట్టింది.

"మా నీళ్లతో స్నానం చేసి ఇంకో ఊరికి ఓటేస్తావా అల్లుడూ? ఇక్కడ రాయించుకో!"

"మీ మాట కాదంటానా అత్తా!" అని పై అంతస్తు బ్యాంకాయన నవ్వుతూ ఓటు మార్పు కాగితం మీద సంతకం పెట్టాడు. వెనకే మిగతావాళ్లూ పెట్టారు.

ట్యాంకు వచ్చింది. కొత్తవాళ్లు ఊరి సభలకూ రావడం మొదలుపెట్టారు. ఒక సభలో బ్యాంకాయనే లేచి, బాల్కనీల కిందే శ్మశానం ఉందనీ, పిల్లలు జడుసుకుంటున్నారనీ, దాన్ని మూసేసి ఇకనుంచి సిటీ శ్మశానానికి తీసుకెళ్దామనీ అన్నాడు.

తాతయ్య ఉన్నది అక్కడే. ఆయన పక్క చోటు నాయనమ్మది. కలుపు పీకడానికి వెళ్లినప్పుడల్లా, "మరీ పరుచుకుని పడుకోకు, నేనూ రావాలి" అని ఆ మట్టిదిబ్బను కసిరేది.

మూసేద్దామనేవాళ్లు చేతులెత్తారు. లెక్కపెట్టే పని మెంబరుది. నాయనమ్మ లేచింది. నేను చెవిలో ఊదాను.

"తప్పు లెక్కపెట్టవే. ఎవడు చూడొచ్చాడు?"

"నోర్ముయ్ వెధవా. వాళ్లని ఈ ఊరివాళ్లని చేసింది నేను. ఇప్పుడు కాదనమంటావా?"

ఒక్కో చెయ్యీ చూపుడువేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. బ్యాంకాయన చెయ్యి కూడా లేచే ఉంది, తల మాత్రం దించుకున్నాడు. తర్వాత వద్దన్న మా పాతకాపుల చేతులు లెక్కపెట్టింది. ఆ పనికి ఎంతోసేపు పట్టలేదు.

"మూసెయ్యమన్నవాళ్లే ఎక్కువ" అని గట్టిగా చెప్పి కూర్చుంది. ఇంటికొచ్చే దారిలో నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకప్పుడే భయమేసింది.

శ్మశానం గేటుకు తాళం పడ్డాక ఆవిడ ఎన్నాళ్లో బతకలేదు. వ్యాన్‌లో సిటీకి తీసుకెళ్లాం. అక్కడ వరుసలో ఏ చోటు ఖాళీగా ఉంటే అదే ఇస్తారు. నాయనమ్మ పక్కన ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఎవరో ఉన్నాడు. తాతయ్య చూస్తే ఊరుకునే రకం కాదు అనుకుని నవ్వబోయాను, రాలేదు.

బ్యాంకాయనా వచ్చాడు. "అత్తా, అత్తా" అంటూ మట్టిలో కూలబడి ఏడ్చాడు. నిజమైన ఏడుపే. కడిగేద్దామని దారంతా మాటలు కూడబెట్టుకొచ్చినవాణ్ని, ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.