నలభై ఏడో గొట్టంలో కోళ్లు

తెలివితక్కువవాడు చేసే తప్పుతో వాడి కొంపే మునుగుతుంది. తెలివైనవాడు చేస్తే పక్కవాడి కొంప కూడా మునుగుతుంది. నాకు ఇరవై రెండేళ్లకే పుష్కలంగా తెలివి ఉండేది. దానివల్ల ఓ పెద్దమనిషి వంటిల్లు ఏమైందో చెబుతాను, వినండి.

ఎనభైల్లో పంజాగుట్టలో, ఓ ఇరానీ హోటల్ మేడ మీద, ఇళ్లకీ కట్టడాలకీ ప్లాన్లు గీసే ఆఫీసులో కొత్త గుమాస్తాని నేను. ప్లాన్లను చుట్టచుట్టి పొడవాటి రేకు గొట్టాల్లో దూర్చి, రాక్‌లో పడుకోబెట్టేవాళ్లం. బయటికి కనబడేది మూత, దాని మీద నంబరు. ఎవరి ప్లాను ఏ నంబరులో ఉందో చెప్పే కార్డులు నేనే రాశాను. కానీ గొట్టాలు వరసలో ఉండేవి కావు. పన్నెండు పక్కన డెబ్భై, డెబ్భై పక్కన మూడు.

ఓ ఆదివారం, ఎవరూ అడక్కుండానే మూతలన్నీ ఊడదీసి, డాబా మీద పరిచి, ఎర్ర పెయింటుతో నంబర్లు దిద్దాను. ఆరాక ఒకటి నుంచి వరసగా బిగించాను. మూతలు వరసలోకి వచ్చాయి గానీ గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయన్న సంగతి మీకు వెలిగింది కదూ. నాకు వెలగలేదు.

సోమవారం మా సారు రాక్ చూసి మురిసిపోయారు. "పర్లేదయ్యా, ఇలాగే చేస్తే నెలాఖరుకి పర్మనెంటు చేస్తాను" అన్నారు.

మధ్యాహ్నం యాదగిరన్న పరుగున వచ్చాడు. బస్సు డ్రైవరు, మధురానగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. "తమ్మీ, మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. వంటింటి గోడ ప్లాన్ల లేదంటుండు. ప్లాను చూపియ్యకుంటే గియ్యాల్నే కూలగొడ్తడట."

"ఫికర్ చెయ్యకన్నా, ఒక్క నిమిషం."

నిమిషం కూడా పట్టలేదు. కార్డు మీద నలభై ఏడు. చెయ్యి చాపితే గొట్టం.

"జర తెరిచి చూస్కొని పోరాదు" అన్నాడు ప్లాన్లు గీసే జహీర్ భాయ్.

"నా పద్ధతిలో చూసుకోవడాలుండవు భాయ్" అని, గొట్టం భుజాన గదలా పెట్టుకుని, పిలవకపోయినా యాదగిరన్న స్కూటరెక్కాను.

ఇన్‌స్పెక్టర్ ముందు ఇటుకల మీద ప్లాను పరిచాను.

"గిది వంటిల్లా? గింత పొడుగున్నది."

"ఉమ్మడి కుటుంబం సార్."

"మరి పడకగదులేవి?"

నాకూ కనబడలేదు. అయినా తగ్గుతానా? "గాలి కోసం డాబా మీద పడుకుంటారు సార్."

"గీ తొట్లేంది, నేల మీద వరసగ?"

"కాళ్లు కడుక్కోవడానికి సార్. శుభ్రత ఎక్కువ."

ఆయన కళ్లజోడు సర్దుకుని మూలన రాసింది చదివాడు. "కోళ్ల షెడ్డు అని రాసున్నది బాబూ."

పైన పటారం, లోన లొటారం అంటారు. నా గొట్టంలో లొటారం కూడా కాదు, వేరేవాళ్ల కోళ్లున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్‌స్పెక్టరే జాలిపడి, "ఐదు గంటలదాంక ఆగుతా. అసలుది తేండ్రి" అన్నాడు.

మళ్లీ పంజాగుట్ట. గొట్టాలన్నీ దులిపాం. నేలంతా సినిమాహాళ్లూ, బడులూ, బావులూ. సారు గుమ్మంలోనే నిలబడి, "ఏంటయ్యా ఇది, కాలు పెట్టే చోటేది?" అన్నారు. జహీర్ భాయ్ ప్లాన్లు విప్పుతూనే, "ఒక్క నిమిషం అంటివి గదా, గీ నిమిషం మస్తు పెద్దగున్నది" అన్నాడు. చివరికి పై వరసలో, రెండో నంబరు మూత వెనక యాదగిరన్న ఇల్లు దొరికింది. నాకు ఏడుపొచ్చింది, ఆనందంతో.

ఐదు కొట్టకముందే ప్లాను మళ్లీ ఇటుకల మీద ఉంది. ఈసారి పడకగదులూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిచాడు. కాగితంలో గోడ రెండడుగులు లోపలికి ఉంది. వంటిల్లు ఇరుకవుతుందని మేస్త్రీ ప్లాను చూడకుండానే సందులోకి జరిపేశాడట. నేను అంత కష్టపడి వెతికి తెచ్చిన కాగితమే ఆ గోడను పడగొట్టింది.

ఇటుకలు రాలుతుంటే యాదగిరన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు. మెల్లగా అన్నాడు: "తమ్మీ, గా కోళ్ల ప్లానే మంచిగుండె. దాంట్ల గోడ గీడిదాంక ఉండె."

సారు నన్ను పర్మనెంటు చేశారు. నేలమీది ప్లాన్లన్నీ మళ్లీ గొట్టాల్లో దూర్చింది నేనే కాబట్టి, ఏ గొట్టంలో ఏముందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను మరి. ఆనాడే దేవుడి పటం ముందు నిలబడి ఒట్టేశాను: ఆవకాయ జాడీకి మూత పెట్టందే మాగాయ జాడీ మూత తియ్యను. ఈనాటికీ ఒట్టు తప్పలేదు.