పక్కింటి ఆంటీ ఇంటిపేరు

నా చిన్నప్పుడు, మావాళ్లు విదేశం వచ్చి స్థిరపడ్డ శివారు పేట క్రెయిగీబర్న్‌లో ఇంకా సగం ప్లాట్లు ఖాళీగా ఉన్న రోజుల్లో, మా పక్కింట్లో ఫిజీ నుంచి వచ్చిన ఆంటీ ఒకావిడ ఉండేవారు. పూర్వీకులు తెలుగువాళ్లే గానీ ఆవిడకు తెలుగు ముక్క రాదు. వాళ్ల నాయనమ్మను చెరకు తోటల్లో కూలికని ఓడెక్కించారట. అప్పటికే భర్త పోయాడు, ఆమె కడుపుతో ఉంది. ఫిజీలో దిగాక కాన్పులో ఆమె కూడా పోయింది. ఆ పుట్టిన బిడ్డే ఆంటీ నాన్న. కన్నవాళ్ల గుర్తుగా ఆ పిల్లాడికి మిగిలింది ఓడ ఎక్కేటప్పుడు రాసిన ఒక్క కాగితం.

అందులో విశాఖ జిల్లా అని ఉంది. ఊరి పేరు దగ్గర చిరిగిపోయింది. భర్త పేరు అన్నచోట మాత్రం ఇంగ్లీషులో 'అయాన' అని శుభ్రంగా ఉంది. అదే వాళ్లకు ఇంటిపేరైంది. తాత ఊరు కనుక్కోమని వాళ్ల నాన్న పోయేముందు అడిగాడని, ఆ పేరు పట్టుకుని ఆంటీ ఇరవై ఏళ్లుగా విశాఖ వైపు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ పేరుగలవాళ్లను ఎరగమనే అందరూ జవాబిచ్చేవారు.

ఏడో క్లాసులో మమ్మల్ని ఫ్యామిలీ ట్రీ గీసుకురమ్మన్నారు. నాది పావుగంటలో తేల్చేసి, ఆంటీది చూద్దామని అమ్మతో వెళ్లాను. ఆంటీ ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి చూపించారు. నేను కూడబలుక్కుని చదివి పగలబడి నవ్వాను.

"ఆంటీ, దట్స్ నాట్ ఎ నేమ్! 'ఆయన వచ్చారు, ఆయన తిన్నారు'... మమ్మీ సేస్ దట్ అబౌట్ డాడీ. ఇట్ జస్ట్ మీన్స్ హిమ్!"

అమ్మ నా జబ్బ మీద ఒక్కటిచ్చింది. "ఏంటే ఆ ఇకిలింపు? నోరు ముయ్!"

తర్వాత అమ్మే ఆంటీకి నెమ్మదిగా చెప్పింది. మొగుడి పేరు నోటితో పలకకూడదని ఆ కాలపు ఆడవాళ్లు అనుకునేవారు. పేరేమిటని అడిగితే ఆ తల్లి తలొంచుకుని 'ఆయన' అనుంటుంది. తెలుగు రాని గుమస్తా అదే పేరనుకుని రాసేసుకుని ఉంటాడు.

ఆంటీ ఆ అక్షరాలను వేలితో తడుముతూ కూర్చున్నారు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ తాత అసలు పేరు ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదని, ఆ సంగతి నేను నవ్వుతూ చెప్పానని అప్పటికి బుర్రకెక్కింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి ఆవిడే నన్ను దగ్గరకు తీసుకున్నారు. "సే ఇట్ అగైన్, బేటీ. జస్ట్ లైక్ యువర్ మమ్మీ."

'ఆయన' అన్నాను. మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాను. మా నాయనమ్మ మాట ఇది, మా నాన్న ఒక్కసారైనా వినలేదు అంటూ ఏడ్చేశారు. నేనూ ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.

ఆంటీ ఇంటిపేరు మార్చుకోలేదు. దాంతోనే పోయారు.

నిరుడు మా వారు పోయారు. ఆస్పత్రిలో ఫారం నింపుతున్న అమ్మాయి "హస్బెండ్స్ నేమ్?" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో నేనూ ఒక్కనాడూ నోటితో పలకని పేరు అది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. రాసింది చూపించమని అడిగి, తప్పు లేదని రెండుసార్లు చూసుకుని, అప్పుడు ఏడ్చాను.