వాన రాకముందే లేచిన కప్ప

మా చిన్నప్పుడు... మబ్బు మొహం చాటేసిన ఏడు కప్పతల్లి ఆట ఆడేవాళ్లం. రోకలికి నడుమ గుడ్డతో కప్పను కట్టి, చుట్టూ వేపమండలు చుట్టి, ఇద్దరు పిల్లలు చెరో కొస భుజాన పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి. ఆడవాళ్లు బిందెతో కప్ప మీద నీళ్లు పోసి, మా చేటలో ఇన్ని జొన్నలు వేసేవారు. అలా చేస్తే వాన పడుతుందని మా నార్సింగి చుట్టుపక్కల అందరికీ నమ్మకం.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. రోకలి మోసే వంతు మొదటిసారి నాకూ, మా పెద్దనాన్న కూతురు సునీతక్కకూ వచ్చింది. రోకలి దొరికింది, వేపమండలు దొరికాయి... కప్పే లేదు! బావులన్నీ అడుగంటాయి. రెండు రోజులు వెతికాం. వంతు ఎక్కడ చేజారిపోతుందోనని నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కుంటల తవ్వుదాం పా" అంది సునీతక్క.

కుంట ఎండి నెర్రెలు బారింది. దాని ఒడ్డున గొర్రెబండ ఉండేది. పడుకున్న గొర్రెలా కనిపించే పెద్ద రాయి. మిట్టమధ్యాహ్నం దాని పక్కనే గడ్డపారతో తవ్వాం. మూరెడు లోతున ఒక ముద్ద తగిలింది. కాళ్లూ చేతులూ లోపలికి ముడుచుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా మట్టి అట్టకట్టి... కప్ప. ఊపిరి తీస్తున్న జాడ కూడా లేదు. అంత ఎండలోనూ అది చల్లగా ఉంది. 

ఇంటికి తెస్తే మా నాయనమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. కప్పను చూసి చేట కింద పెట్టేసింది.

"యాడికెల్లి తెచ్చిన్రే?"

"కుంటల తవ్వినం. సచ్చిపోయిందేమో నాయనమ్మా."

"సావలే. వాన కోసం పండుకున్నది. మీరు నీళ్లు పోస్తే వానొచ్చిందనుకుంటది పాపం. లేచినంక ఏం తిని బతుకుతది? యాడ తీసిన్రో ఆడనే పెట్టి మన్ను కప్పి రార్రి."

సరే అన్నాం. బయటికి వెళ్లి రోకలికి కట్టేశాం. వంతు నాది మరి!

మొదటి ఇంట్లో నీళ్లు పోస్తే అది కదల్లేదు. మూడో ఇంట్లో ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను నన్నే చూసినట్టనిపించి మిగతా ఇళ్లన్నీ తల తిప్పుకునే నడిచాను.

ఆట అయ్యాక కప్పను మళ్లీ గొర్రెబండ దగ్గరే వదిలాం. దాహంగా ఉంటుందని జాలిపడి, ఇంటి నుంచి తెచ్చిన బిందెడు నీళ్లూ అక్కడే కుమ్మరించాం. ఆ తడిలో కూర్చుని అది ఒకసారి అరిచింది. ఒక్కసారే.

మా కాళ్ల కింద నుంచి బదులొచ్చింది.

మొదట ఒకటి... కాస్త ఆగి ఇంకొకటి, మరికాస్త అవతల. చుట్టూ ఎండిన నేల. ఎండ ఇంకా తగ్గనే లేదు. రోకలి అక్కడే పారేసి పరుగో పరుగు.

మర్నాడు మధ్యాహ్నం రోకలి కోసం వెళ్తే నేలలో నాలుగు కొత్త బొక్కలు కనిపించాయి. వాటి పక్కన నాలుగు కప్పలు ఎండలో అట్టల్లా ఎండిపోయి ఉన్నాయి. ఐదోది మాది, అదీ అంతే. వాన మాత్రం పదిహేను రోజుల తర్వాత పడింది. సంగతి చెబితే నాయనమ్మ చేట అందుకుని మళ్లీ జొన్నలు చెరగసాగింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ కుంట లేదు. దాని మీద లేచిన టవర్లలోనే పదకొండో అంతస్తులో మా ఫ్లాట్. గొర్రెబండను మాత్రం ఉంచారు, అందం కోసమట. చుట్టూ లైట్లు కూడా పెట్టారు.

మొన్న మే నెలలో ఆఫీసు నుంచి వచ్చి సెల్లార్‌లో కారు పెడుతుంటే గోడ వెనక నుంచి ఆ అరుపు వినిపించింది. కారు దిగి మా టవర్ల సూపర్‌వైజర్ గారిని పిలిచి వినమన్నాను.

"మోటారు బేరింగ్ పోయినట్టుందండి, రేపు చూపిస్తాను" అన్నారు సూపర్‌వైజర్ గారు. ఆయనది కాకినాడ వైపు.

నేను తిన్నగా గొర్రెబండ దగ్గరికి వెళ్లాను. దాని పక్కనే ఇంకుడు గుంత. ఫ్లాట్లన్నింటి ఏసీ నీళ్లూ ఒకే పైపులో వచ్చి అందులో పడుతున్నాయి. నేల తడిసి మెత్తబడింది. టైల్స్ మీద రెండు కప్పలు... అదే ముడుచుకున్న తీరు, అట్టల్లా ఎండిపోయి.

వెనకే వచ్చిన సూపర్‌వైజర్ గారు ఆశ్చర్యపోయారు. "ఇంత ఎండలో ఇవెందుకు బయటికొచ్చాయండి?"

"వానొచ్చిందనుకున్నాయి" అన్నాను. నాయనమ్మ మాటే నా నోట వచ్చింది.

ఇంకుడు గుంతకి నీళ్లు ఆపితే కమిటీ ఊరుకోదని ఆయన భయం. బతిమాలి ఆ పైపును మొక్కల డ్రమ్ములోకి తిప్పించాను. మూడో రోజుకి అరుపులు ఆగిపోయాయి. మళ్లీ పడుకున్నాయా, లేక... తెలియదు. అరుపుల కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది. వాన పడేదాకా రోజూ సాయంత్రం వెళ్లి ఆ నేలకేసి చూసి వచ్చేదాన్ని.

జూన్‌లో తొలి వాన పడింది. ఇంట్లో ఏసీలన్నీ ఆపేసి, గొడుగు వేసుకుని గొర్రెబండ దగ్గర నిలబడ్డాను. చాలాసేపటికి ఒక కప్ప అరిచింది. నా గుండె ఒక్కసారి తేలికపడింది.

అది మళ్లీ అరిచింది. కాస్త ఆగి మళ్లీ. నేను చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను... దానికి బదులు మాత్రం రాలేదు.

మీ ఇల్లు కట్టకముందు అక్కడ తొలి వానకి ఏమేం అరిచేవో మీకు గుర్తుందా? ఉంటే కింద రాయండి... కనీసం చదువుకుంటాను.