మెట్ల బావి కాడి తెల్లమీసాల సిపాయి

మెట్ల బావి చూడొచ్చే మీ అందరికి నమస్కారం. నా రాత కోడి గెలికినట్టు ఉంటది, ఒత్తులు పడాల్సిన కాడ పడవు, మన్నించుండ్రి. ఐదో తరగతి దాకనే చదివిన. గేటు కాడ స్టూలు మీద కూసుండి మీతోని రిజిస్టరులో పేర్లు రాయించుకునే పెద్దాయన, మా మామ, అంటె మా ఆయన వాళ్ల నాయన, పోయిన నెల కాలం చేసిండు. పొద్దున బర్రెలకు గడ్డి వేసి, చాయ్ తాగి, "కొద్దిగ నడుం వాలుస్త" అని పండుకున్నడు. మళ్ల లేవలేదు. మొన్న ఆదివారం మీల చాలామంది "అంకుల్ ఏరి?" అని అడిగిండ్రు. నోటితోని చెప్పలేక రిజిస్టరు మీ ముందటికి జరిపిన. అందుకే ఈ కాగితం రాసి రిజిస్టరులో పెడుతున్న.

గేటు మీద నీలి బోర్డు మీరు చూసే ఉంటరు. రాళ్ల మీద రాయొద్దు, పూయొద్దు, తాబేళ్లకు తిండి వేయొద్దు, పశువులను దింపొద్దు, ఇట్ల మూడు భాషలల్ల రాసి ఉంటది. ఎవ్వరు చదవరు. బోర్డుకు ఆనుకొని ఫోటో దిగుతరు, అంతే. మామకు దాని మీద కోపం రాకపోతుండె. "బోర్డుకు నోరు లేదు బిడ్డా, మనకుంది" అనేటోడు. వచ్చిన ప్రతి మనిషికి, ఎండైనా వానైనా, లేచి నిలబడి ఒక్కొక్కటి చెప్పేటోడు. తెలుగోళ్లకు తెలుగుల, పక్క గల్లీ భాయ్‌లకు ఉర్దూల. ఇంగ్లీషోళ్లు వస్తె చేతులతోనే చెప్పేటోడు. తాబేలుకు బ్రెడ్డు వేయొద్దని చెప్పనీకె ఆయన తాబేలు లెక్క మెడ బయటికి తీసి, కడుపు పట్టుకొని, కండ్లు తేలేస్తె గేటు కాడ ఒకటే నవ్వులు.

ఆయన సొంత రూలు ఒకటుండె. అది బోర్డు మీద లేదు. తప్పు చేసినోళ్లను తిట్టడు, బావిని చూసుకునే సర్కారు ఆఫీసుకు చెప్పడు. ఒక పూట స్టూలు మీద కూసోబెడతడు. వచ్చినోళ్లకు వాళ్లే రూల్స్ చెప్పాలె. గోడ మీద బొగ్గుతోని ప్రేమించిన పిల్ల పేరు రాసిన ఒకాయన పెండ్లయినంక భార్యను తోలుకొచ్చి, "ఇగో, ఇదే స్టూలు" అని చూపించిండు. ఆ పేరు ఈమెదేనా అని మామ అడగలేదు. "అడిగితె నా రూలు పోయి వాళ్ల ఇంట్ల లొల్లి మొదలైతది" అన్నడు.

ఆ స్టూలు మీద నేను కూడ కూసున్న. పెండ్లయినంక వచ్చిన మొదటి బోనాలు. కార్వాన్‌ల మా అమ్మగారింటి దిక్కు ఆషాఢంల గుమ్మాలకు, పాత రాళ్లకు సున్నం వేసి పసుపు పూస్తం. గేటు లోపల, స్టూలు వెనక, గుర్రం మీద కత్తి పట్టిన సిపాయి రాయి ఉంది కద. ఏం పూయకుండ ఊకెనే పెట్టిండ్రు పాపం అనుకున్న. అత్తమ్మ మెచ్చుకుంటదని తెల్లారంగనే పోయి సున్నం కొట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టిన. వెనకకు తిరిగితె మామ నిలబడ్డడు. సున్నం చేతులు కొంగు చాటున దాచుకున్న.

ఆయన సిపాయిని చూసిండు, నన్ను చూసిండు. "ఎన్ని వందల ఏండ్లకు పెండ్లికొడుకు అయిండే వీడు! పిల్ల ఏది బిడ్డా?" అన్నడు. ఇంట్ల ఎవరికి చెప్పలేదు. పీచు పెట్టి రుద్దొద్దని, మెత్తటి పాత చీర ముక్క తడిపి మూడు రోజులు నాతోని కలిసి తుడిచిండు. పసుపు పోయింది. మీసం గీతలల్ల సున్నం పోలేదు. గోకితె రాయి పెచ్చు లేస్తదని ఆఫీసాయన వద్దన్నడు. అట్ల నా చేతుల మీదుగ సిపాయి ముసలోడయిండు.

తరువాత నా పూట. కొంగు కప్పుకొని, నా కాళ్ల వేళ్లకు రూల్స్ చెప్పుకున్న. కాలేజీ పిల్లలు "ఏమన్నరు అక్కా?" అని రెండుసార్లు అడిగిండ్రు. వెనక నుంచి మామ, "గట్టిగ బిడ్డా! తాబేళ్లకు వినబడ్డది, ఇగ మనుషులకు చెప్పు" అన్నడు. అందరు నవ్విండ్రు, నేను కూడ నవ్విన. నాలుగోసారికి గొంతు వచ్చింది. బోర్డు చూసి చదువుడు కూడ అట్లనే మళ్ల అలవాటైంది.

ఆయన పోయినంక పని ఎవరికి ఇస్తరో ఆఫీసోళ్లు ఇంక చెప్పలేదు. తాళం చెవి మా ఇంట్లనే ఉంది. పోయిన వారం రెండు రోజులు నల్లా రాలేదు. మామ తమ్ముడు, మా చిన్నమామ, ఐదు బర్రెలను గేటు కాడికి తోలుకొచ్చిండు. "తాళం తీయ్ కోడలా. బావి నిండ నీళ్లు పెట్టుకొని బర్రెలను మురికిల ఉంచుతమా? అన్న లేడు, ఇగ ఎవరడుగుతరు?"

ఆయన ముంగట నేను ఎన్నడు నోరు తెరవలేదు. చాయ్ ఇచ్చినా తలుపు సందుల నుంచే. ఆ రోజు గేటుకు అడ్డం నిలబడ్డ. బర్రెలు దిగితె ఆ మెట్లు ఎట్ల అరుగుతయో, తాబేళ్లు ఏమైతయో మామ వందసార్లు చెప్పంగ విన్న. ఇప్పుడు ఊకుంటె ఇగ రోజు దిగుతయి.

"నాలుగో రూలు చిన్నమామా. పశువులను దింపొద్దు."

ఆయన నన్ను అట్లనే చూసిండు. ముందటి బర్రె నా కొంగు నాకుతుండె. నేను కదలలేదు. ఆఖరికి, "వారీ! మా అన్న పోలేదురో, చీర కట్టుకొని నిలబడ్డడు!" అని గల్లీ అంత వినబడేటట్టు నవ్విండు. బర్రెలను మలుపుకొని పోయిండు. సాయంత్రం తనే వచ్చి స్టూలు మీద కూసుండి, "తప్పు చేయబోయినోడికి సగం పూట చాలు కద?" అన్నడు. నలుగురికి రూల్స్ చెప్పిండు. రెండు తప్పు చెప్పిండు. నేను దిద్దిన.

మీరు వచ్చినప్పుడు నేనే ఉంట. మెల్లగ చెప్తె ఇంకోసారి అడుగుండ్రి, ఏమనుకోను.

అందరు చదివినంక ఈ కాగితం కాల్చేయుండ్రి, నా తప్పులు చూసి నలుగురు నవ్వుతరు. కాని గేటు లోపల కాల్చకుండ్రి. మంట పెట్టొద్దన్నది ఆరో రూలు. చౌరస్తా దాక పోయి కాల్చుండ్రి. నేను స్టూలు మీది నుంచి చూస్తుంట. నా వెనక ఆయన కూడ చూస్తుంటడు, గుర్రం మీద, తెల్లమీసాలతోని.