కళ్ళులేని పురుగుల కేసు

ఎనభైల తొలినాళ్ళలో భూగర్భ జలశాఖలో అసిస్టెంట్ హైడ్రాలజిస్టుగా నన్ను ప్రొద్దుటూరులో వేశారు. ఆ ఉద్యోగం ఏమిటో మా మామగారికి చివరిదాకా అర్థం కాలేదు. అల్లుడు బావుల్లోకి తొంగి చూస్తాడని అందరికీ చెప్పుకునేవారు. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. మాకు అప్పగించిన బావులకు నెలకోసారి వెళ్ళి, గట్టుమీద గుర్తు పెట్టిన చోటునుంచి టేపు వదిలి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసి రాసుకోవాలి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపాలి. సీసాను అదే బావి నీళ్ళతో తొలిచాకే నమూనా పట్టాలన్నది మా శాఖలో చేరినవాడు మొదట నేర్చుకునే పాఠం.

శాఖవారు నేర్పని పాఠం మా జీపు డ్రైవరు నేర్పాడు. పార్టీలున్న ఊళ్ళో ఎవరింటా గుక్కెడు నీళ్ళు తాగకూడదు. తాగితే ఆ పూటనుంచి మనం వాళ్ళ మనిషే. అందుకని జీపులో మా నీళ్ళ క్యాను మాకుండేది. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికొస్తుందని అప్పటికి నాకు తెలియదు.

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్న ఒక వానాకాలం, జమ్మలమడుగు పక్కనున్న ఒక ఊరికి వెంటనే వెళ్ళమని తహసీల్దారు కబురు పంపారు. బావిలో మందు కలిపారని ఫిర్యాదు. పోలీసులకు ఆ వారమంతా ఎక్కడో బందోబస్తుట. బాంబులున్న ఊరికి టేపు పట్టుకున్నవాడిని పంపడంలోని తర్కం ఏమిటని నేను అడగలేదు. ఊరి పేరు చెప్పను. రెండు పార్టీల మనవళ్ళూ ఇప్పుడు చదువుకున్నవాళ్ళే.

ఆ ఊళ్ళో పైవీధికి పెద్ద ఓబన్న, కిందవీధికి పెద్ద గంగన్న. ఇద్దరివీ రెండు వేరు పార్టీలు. రెండు టీకొట్లు, ఇద్దరు మంగళ్ళు, మంచినీళ్ళకూ సేద్యానికీ కలిపి వీధికొక దిగుడు బావి. ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నవాడు మోటారు మెకానిక్కు మస్తాన్. మోటార్లు పార్టీ చూసి చెడిపోవు కాబట్టి అతనికి రెండు వీధుల్లోనూ రాకపోకలుండేవి.

ఓబన్న ఇంట్లో కడవ వంచితే నీళ్ళలో తెల్లటి పురుగులు కదిలాయిట. బావిలోకి ఆఖరున దిగినవాడు మస్తాన్. అదే వారం గంగన్న బావిలోకీ దిగాడు. ఇంక సాక్ష్యం దేనికి? గంగన్న పంపగా వచ్చి మందు కలిపాడని తేల్చి, మస్తాన్‌ను గొర్రెల దొడ్డిలో కట్టేశారు. మేం వెళ్ళేసరికి అతని భార్య దొడ్డి తడిక పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. లోపల గొర్రెలు మాత్రం మస్తాన్ చొక్కా నములుతూ హాయిగా ఉన్నాయి.

ఎండన పడి వచ్చానేమో, జీపు దిగుతూనే మా క్యానులోంచి గ్లాసెడు నీళ్ళు వంచుకుని తాగాను. అంతమంది జనం ఒక్కసారిగా నావైపు తిరిగారు.

"సూడండప్పా, ఆఫీసరే మన నీళ్ళు ముట్టల్యా! మందుండాదని ఆయప్పకు ముందే తెలుసు" అంది ఒక ముసలామె.

"ఇంగ సీసాలు యాల సార్? మీరే తేల్చినారు కదా" అన్నాడు ఓబన్న. నా నిష్పక్షపాతం మస్తాన్ మెడకు ఉరితాడైంది. పరీక్షకు పంపితే జవాబు రావడానికి వారాలు పడుతుంది. దొడ్డి చుట్టూ నిలబడ్డవాళ్ళ ముఖాలు చూస్తే సాయంత్రందాకా ఆగేలా లేవు.

పురుగుల్ని చూపించమన్నాను. కంచు పళ్ళెంలో తెచ్చారు. వడ్లగింజలో సగం ఉంటాయి, పాలలా తెలుపు, రొయ్యపిల్ల పోలిక. కళ్ళు లేవు. చూడగానే పకపకా నవ్వేశాను. నవ్వకూడని చోట నవ్వానని డ్రైవరు ముఖం చూశాక అర్థమైంది. కానీ సంతోషం ఆగలేదు. ప్రొద్దుటూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నా మిత్రుడు ఈ జీవాలకోసమే నా చేతికి సన్నటి గుడ్డ వల ఒకటిచ్చి, బావి బావికీ దించి చూడమని ప్రాణం తీస్తూ ఉండేవాడు.

అతను నాకు చెప్పిందే నేను వాళ్ళకు చెప్పాను. మనం తిరిగే నేల కింద నాపరాయి పొరలున్నాయి. వాటి సందుల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో ఈ జీవాలు. అక్కడ ఎండ పొడ తగలదు కనుక పచ్చనిది ఏదీ మొలవదు. పైనుంచి వాననీటితో దిగే కుళ్ళిన ఆకు నలుసులు, రాతికి పట్టే జిగురు, అవే తిండి. ఆ జిగురు తినేస్తూ సందులు పూడిపోకుండా ఊట సాగనిస్తాయి. చీకట్లో పుట్టి చీకట్లోనే పోయేవాటికి కళ్ళూ రంగూ దండగ. చెరువులో చేపకు ఏడాదికి వేల గుడ్లు. వీటికి పెట్టేదే కొన్ని. ఒకసారి పోతే మళ్ళీ నిండుకోవడం కష్టం.

"మందు పడితే ముందు చచ్చేవి ఇవే. ఇవి ఈదుతున్నాయంటే మీ నీళ్ళలో మందు లేదు" అన్నాను.

ఓబన్న పళ్ళెంలో వేలు పెట్టి ఒక పురుగును కదిపి చూశాడు. "సరే, మందు కాదు. పురుగులే ఏసినాడు. గంగన్న బాయిలోవి తెచ్చి మా బాయిలో ఏసినాడు" అన్నాడు. ఫ్యాక్షన్ ఊరి బుర్ర ఎక్కడా ఆగదు.

అయితే గంగన్న బావి చూద్దామన్నాను. గంగన్న గట్టుమీదే ఎదురొచ్చి, "మా బాయి అద్దం మాదిరి ఉంటాది సార్, పురుగు అనేదే ల్యా" అని మీసం తిప్పాడు. వల దించి పైకి లాగాను. ఓబన్న పళ్ళెంలో ఉన్నవాటికంటే ఎక్కువే పడ్డాయి. గంగన్న మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

అసలు విషయం అప్పుడు బయటపడింది. ఆ ఇంట్లోనూ నాలుగైదు రోజులుగా కడవలో పురుగులొస్తున్నాయి. పరువు పోతుందని గుట్టుగా గుడ్డలో వడకట్టుకు తాగుతున్నారు. పురుగులు వేయించింది ఓబన్నేననీ, వేసిన చెయ్యి మస్తాన్‌దేననీ వాళ్ళూ తేల్చేశారు. పైవీధివాళ్ళు వదిలితే పట్టుకుందామని మనుషుల్ని మాటు వేయించి పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆ రెండు పార్టీలు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

తిరిగి దొడ్డి దగ్గరికొచ్చి, బావుల్లో ఏం చేశావని మస్తాన్‌ను అడిగాను.

"వానల్యాక నీళ్ళు కిందికి పోయినాయి సార్. మోటారు గాలి పీకతాండాది. రెండు బాయిల్లోనూ పైపు అడుగంటా దించి, ఊటొచ్చే సందు కాడ ఫుట్‌వాల్వు పెట్టినా. అంతే సార్, అల్లా మీద ఒట్టు" అన్నాడు. మోటారు నీళ్ళు పీల్చే గొట్టం మూతి సరిగ్గా ఆ జీవాల గడప ముందు పెట్టాడన్నమాట. పాపం, ఆరోపణలో సగం నిజమే. పురుగుల్ని పైకి తెచ్చింది అతనే.

ఇంత చెప్పినా జనం కదలలేదు. "అయితే మీరు తాగండి సార్" అని ఎవరో అరిచారు. అది న్యాయమే. రెండు వీధులూ కలిసే దారిలో రెండు బిందెలు పెట్టించారు. అసలు చిక్కు అక్కడ వచ్చింది. ఏ బిందెలోది ముందు తాగాలి? ముందు ఎవరివి తాగితే వాళ్ళ మనిషిని. డ్రైవరు అప్పటికే జీపు స్టార్టు చేసి కూర్చున్నాడు. నాకు చిర్రెత్తింది. ఒక చెంబు తెమ్మని, రెండు బిందెల్లోవీ దాంట్లోకి వంచి, గటగటా తాగేశాను. పురుగులతో సహా.

"మా నీళ్ళు వాళ్ళ నీళ్ళతో కలిపితివే సార్!" అని ఓబన్న అదిరిపడ్డాడు.

"నేను కలిపేదేముందప్పా? కింద రాతిలో ఎప్పుడూ కలిసే ఉన్నాయి. రెండు బావులకూ ఊట ఒకటే, పురుగులూ ఒకటే" అన్నాను.

ఇద్దరు పెద్దలూ జీవితంలో అంత పెద్ద అవమానం పడి ఉండరు. అయినా చేసేదేం లేదు. మస్తాన్ పురుగులు వేశాడంటే ఎవరి పురుగులు ఎవరి బావిలో వేసినట్టు? ఆ లెక్క తేలక అతని కట్లు విప్పారు. అతని భార్య గొర్రెలు నమిలిన చొక్కాను సర్దింది. మొగుడి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. పురుగుల్ని మింగిన వికారమని డ్రైవరుతో బుకాయించాను.

జీపెక్కుతుంటే ఓబన్న పక్కకొచ్చి గొంతు తగ్గించి, "ఎవరి బాయిలో ఎక్కువుండాయి సార్?" అని అడిగాడు.

"గంగన్న బావిలో. మీవాళ్ళు పురుగుమందు డబ్బాలు గట్టుమీద కడుగుతున్నారు కదా" అన్నాను.

మరుసటి నెల టేపు పట్టుకుని వెళితే ఓబన్న బావి చుట్టూ ముళ్ళకంచె ఉంది, డబ్బా పట్టుకుని దగ్గరికొచ్చినవాణ్ణి తరమడానికి కాపలా మనిషి ఉన్నాడు. అది విని గంగన్న గట్టు ఎత్తు పెంచి, గొడ్లను కడగడం మాన్పించాడు. ఫుట్‌వాల్వులు కాస్త పైకి లేపి జాలీ కట్టడానికి మస్తాన్‌ను రెండు వీధులవాళ్ళూ పోటీపడి పిలిచారు. నీళ్ళను కాపాడుకోండని తరువాత ఎన్నో ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చాను. ఏ ఊళ్ళోనూ ఇంత పని జరగలేదు.

మస్తాన్ బతికింది నా శాస్త్రంవల్లనని ఆఫీసులో మెచ్చుకున్నారు. అది నిజం కాదు. పురుగులు ఓబన్న బావిలో మాత్రమే ఉండి ఉంటే నేనెంత చెప్పినా అతన్ని చంపేసేవారు, నా శాస్త్రం శాస్త్రంగానే మిగిలేది. అందుకే రిటైరయ్యేదాకా ఒక్క నియమం తప్పలేదు. ఏ ఊరెళ్ళినా రెండో బావి చూసేదాకా మొదటి బావి గురించి నోరు విప్పలేదు.