సొరచేప నూనె పూసిన మోరిస్ మైనర్

బందరులో ఒక పాత మోరిస్ మైనర్ ఉంది, అమ్మేస్తారట అని ఆఫీసులో పక్క సీటాయన చెప్పాడు. వారం తిరక్కముందే నేను విజయవాడ స్టేషన్లో పొద్దుటి ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాను. తొంభైల చివరి మాట ఇది. డిసెంబరు నెల, ఆదివారం. మఫ్లరు చుట్టుకున్నా చెవులు జివ్వుమంటున్నాయి. ఉన్న స్కూటరు తుడవడానికే తీరిక లేని మనిషికి నా వయసున్న కారెందుకని బయల్దేరేముందు మా ఆవిడ అడిగింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని జవాబు కూడా తనే చెప్పుకుంది.

ఆ కారంటే ఎందుకంత మోజో చెప్పకపోతే మీరూ మా ఆవిడ పక్షమే అవుతారు. నా చిన్నప్పుడు మా ఊరి డాక్టరుగారికి ఉండేది. పక్కకు తిరగాలంటే ఇప్పటిలా లైటు మిణుకుమనడం కాదు, తలుపు పక్కన కమ్మీలోంచి జానెడు రెక్క ఒకటి టక్కున బయటికి లేచేది. అది చూడ్డానికే మేం మలుపు దగ్గర కాపు కాసేవాళ్లం. దాని బానెట్ నడుమ వెడల్పాటి పట్టీ ఉంటుంది. దానికీ ఒక కథ ఉంది. కారు గీసినాయనకు తన నమూనా మరీ ఇరుకనిపించి, దాన్ని నిలువునా రెండు ముక్కలుగా కోయించి, నాలుగంగుళాలు ఎడంగా జరిపి చూసుకున్నాడట. ఆ ఎడాన్ని పూడ్చిందే ఆ పట్టీ. మొదట్లో వచ్చినవాటికి నీళ్ల పంపు కూడా లేదు. ఇంజన్లో వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెక్కి, రేడియేటర్లో చల్లారి కిందికి దిగేవి. ఇలాంటివి మొదలుపెడితే నేను ఆగను గానీ, అంతలో రైలొచ్చింది.

ఉప్పులూరు దాటేదాకా కిటికీలోంచి ఏమీ కనపడలేదు, అంతా మంచే. ఇందుపల్లి దగ్గర కాస్త తేటపడి వరి కుప్పలు కనిపించాయి. గుడివాడలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, బ్యాటరీల కొట్టు నడిపే నా మిత్రుడు ప్రసాదు దగ్గరికి వెళ్లాను. ముందే చెప్పి ఉంచడంతో కొత్త బ్యాటరీ ఒకటి ఛార్జి చేసి, తాడు కట్టి సిద్ధంగా పెట్టాడు. కదలని కారును చూడబోయేవాడు బ్యాటరీ వెంట తీసుకెళ్లడం మంచిది. ఇది మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

అక్కణ్ణుంచి బస్సెక్కాను. బ్యాటరీని కాళ్ల మధ్య పెట్టుకున్నాను. దానికి లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు చాలాసేపు ఆలోచించాడు. "బండి లేకుండా బ్యాటరీ ఏంటండీ?" అన్నాడు చివరికి. బండి బందరులో ఉందన్నాను. నా పక్కన పెడన దాకా వెళ్తున్న ఒక పెద్దాయన, కలంకారీ అద్దకం పనివారు, ఒళ్లో బట్టల మూట పెట్టుకుని కూర్చున్నారు. యాసిడ్ ఒలికితే తన దుప్పట్లకు చిల్లులు పడతాయని ఆ మూటను దిగేదాకా తల మీదే పట్టుకున్నారు. నాకు సిగ్గేసింది. కానీ బ్యాటరీని తల మీద పెట్టుకోలేను కదా.

పదిన్నరకు కోనేరు సెంటర్లో దిగి, ఆటోలో గిలకలదిండి చేరాను. హార్బర్లో చేపల వేలంపాట అయిపోయి, ఐసు ముక్కలు, చేపల పొలుసులు మిగిలాయి. ఆఫీసాయన చెప్పిన ఏడుకొండలుగారి కారెక్కడని అడిగితే, పిల్లులెక్కడుంటే అక్కడ అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఒకతను. వేళాకోళం అనుకున్నాను. రేకుల షెడ్డు దగ్గరికి వెళ్తే నిజంగానే కారు కింద, కారు మీద, కారు చుట్టూ పిల్లులు. వాటి నడుమ ఆకుపచ్చ మోరిస్ మైనర్. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. రెండడుగులు వేసేసరికి వాసనకు అదే ప్రాణం గొంతులోకొచ్చింది.

కారు తులసమ్మగారిది. అప్పటికి యాభై దాటిన మనిషి, ఇప్పటికీ రోజూ చేపల బుట్టతో మార్కెట్టుకు వెళ్తారు. ఆమె భర్త ఏడుకొండలుగారు రెండు బోట్లున్న ఆసామి. ఒక ఏడు వేట బాగా పడినప్పుడు ఈ కారు కొన్నారట. నేను వెళ్లడానికి ముందటి ఏడు ఆయన పోయారు. ఆమెకు నడపడం రాదు, పిల్లలు లేరు. కొంటామని వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారని ఆమె నవ్వుతూనే చెప్పారు.

వాసన సంగతి ఇది. అక్కడ చలి మొదలవగానే బోట్ల చెక్కకు సొరచేప నూనె పూస్తారు. ఏడుకొండలుగారు బోటుకు పూసిన చేత్తోనే కారు అడుగు భాగమంతా, చక్రాల గూళ్లు, తలుపుల లోపలి అంచులు కూడా ఏటేటా పూసేవారు. నేను నేల మీద పడుకుని టార్చి వేసి చూశాను. ఇవాళ కొట్టిన మేకు సంక్రాంతి నాటికి ఎర్రబడే ఊరది. అలాంటి చోట ఆ కారు అడుగున తుప్పు మరక లేదు. చేప నూనె ఇనుముకు మంచి కవచమని పుస్తకాల్లో చదివాను గానీ, ఇంత ప్రేమగా పూసినవాణ్ణి ఎక్కడా చూడలేదు.

ధర అడగబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. "ధర తర్వాత మాట్లాడదాం బాబూ. ముందు నన్నూ, ఈ బుట్టనీ నాగాయలంకలో మా అక్క ఇంటి ముందు దింపండి. దీన్లో."

సంగతేమిటని అడిగాను. కారు కొన్న కొత్తలో ఆయన ఆమెను సినిమాకు తీసుకెళ్లారు, గుడికి తీసుకెళ్లారు. బుట్టతో మాత్రం ఒక్కనాడూ ఎక్కనివ్వలేదు, కారు వాసనేస్తుందని. అక్క ఉండే పుట్టింటికి బుట్ట లేకుండా వెళ్లే అలవాటు ఆమెకు లేదు. సముద్రపు చేప లేకుండా వెళ్తే అక్క గుమ్మం ఎక్కనివ్వదు. అందుకని ప్రతిసారీ బస్సులోనే వెళ్లేవారు. అక్క ప్రతిసారీ అదే మాట అడిగేది, మీ కారేదే అని. అది ఆట పట్టించడమే అయినా వినీ వినీ ఆ మాట ముల్లులా దిగిపోయింది.

మరి ఆయన పూసిన నూనె సంగతేమిటన్నాను.

"ఆయనకది వాసన కాదు బాబూ, మందు. వాసనంటే నా బుట్టదే" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. నవ్వూ లేదు.

ఇక పనిలోకి దిగాను. ఇక్కడ పాత కార్ల వాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి. ఈ కాలపు కార్లకు బ్యాటరీ మైనస్ తీగ బాడీకి కలుపుతాం. ఆ కారుకు ప్లస్ తీగ కలపాలి. అలవాటు కొద్దీ తిరగేసి కలిపితే పని చెడుతుంది. కారు తీగల కొసల మీద తెల్లగా పట్టిన పొరను వేణ్ణీళ్లతో కడిగి, తుడిచి, వాజిలిన్ రాశాను. పాత పెట్రోలు తీసి, బంకు నుంచి తెప్పించిన కొత్తది పోశాను. తాళం తిప్పగానే పెట్రోలు పంపు టిక్కుటిక్కుమంది. ఆ చప్పుడు విని తులసమ్మగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. చలిరోజుల్లో చోక్ లాగి స్టార్టు చేయాలి, ఇంజను వేడెక్కగానే లోపలికి నెట్టాలి. మరిచిపోతే ప్లగ్గులు నల్లబడతాయి. స్టార్టరుకు లొంగలేదు గానీ, హ్యాండిల్ పెట్టి తిప్పగా తిప్పగా నా భుజం పోయే ముందు ఇంజను అందుకుంది. పిల్లులన్నీ ఒక్కసారిగా పారిపోయాయి.

బుట్టలో చందువాలు, రొయ్యలు పెట్టి, పైన ఐసు వేసి, తడి గోనె కప్పి ఆమె వెనక సీటు వైపు నడిచారు. ముందు కూర్చోమన్నాను. బుట్ట వెనక పెట్టి, వచ్చి ముందు కూర్చున్నారు. హార్బర్లో వాళ్లంతా పనులాపి చూశారు. ఆమె ఎవరి వైపూ చూడకుండా నిటారుగా కూర్చున్నారు.

చల్లపల్లి రోడ్డు మీద బండి బాగానే వెళ్లింది. గేర్లు కొంచెం మొరాయించినా బ్రేకులు మర్యాదగా ఉన్నాయి. మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తే ఘంటసాల స్తూపం చూసి వెళ్లండి, దగ్గరే. మేం మాత్రం ఆగలేదు. నూర్పిళ్ల రోజులు కావడంతో లారీలు తొక్కుతాయని రోడ్డు మీదే వరి పనలు పరిచారు. పెద్ద బండ్లకు ఫరవాలేదు, నేలకు దగ్గరగా ఉండే కారుకది గండం. గడ్డి అడుగున చుట్టుకుని, కాలుతున్న సైలెన్సరుకు తగులుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పక్కన దిగితే కాలవ. నెమ్మదిగా పోనిచ్చాను.

కొంత దూరం పోయాక చేపల వేపుడు వాసన వచ్చింది. ఏదో ఇంట్లో వంట అనుకున్నాను. కాళ్ల కిందనుంచి పొగ లేచేసరికి అర్థమైంది. గడ్డి అంటుకుంది, దాని పైన ఏళ్ల తరబడి పూసిన నూనె.

కారాపి దూకాను. మంటలార్పే సాధనం ఏదీ లేదు. ఇసుక కోసం అటూ ఇటూ చూస్తున్నానే గానీ నాకు ఏమీ తోచలేదు. ఈలోగా తులసమ్మగారు బుట్ట కిందికి దించి, గోనె లాగి, చేపల్ని గట్టు మీద గుమ్మరించి, ఐసంతా గోనెలో పోసి, నేల మీద బోర్లా పడుకుని కారు కిందికి తోశారు. అది సైలెన్సరుకు తగిలి బుస్సుమంది. నేను గడ్డి లాగాను, ఆమె మిగిలిన ఐసునీళ్లు చల్లారు. మంట ఆరింది. పెట్రోలు గొట్టం దాకా రాలేదు, మా అదృష్టం. పొలంలోంచి పరిగెత్తుకొచ్చిన రైతు ఒకాయన మమ్మల్నీ, రోడ్డు పక్కన పరిచి ఉన్న చేపల్నీ చూసి, అమ్మకానికా అని అడిగారు.

ఆమె చీరంతా మసి. మోచెయ్యి గీరుకుపోయింది. వెనక్కి వెళ్దామా అన్నాను. "ఐసు పోయింది, చేపలు ఆగవు. పదండి" అన్నారు.

పులిగడ్డ దాటి దివిసీమలోకి దిగి, అవనిగడ్డలో టీ తాగి, మధ్యాహ్నం రెండున్నరకు నాగాయలంక చేరాం. అక్క ఇంటి సందు మలుపులో నేను స్విచ్చి నొక్కితే రెక్క లేవలేదు. తులసమ్మగారు కమ్మీ మీద అరచేత్తో ఒక్కటి వేశారు. టక్కున లేచింది.

అక్కగారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, చేట పక్కన పెట్టి లేచారు. ఇరుగుపొరుగు వచ్చారు. చెల్లెలు దిగి, మసి చీరతోనే వెనక తలుపు తీసి బుట్ట బయటికి తీశారు.

"ఎవరి కారే?" అన్నారు అక్కగారు.

దారంతా తులసమ్మగారు దాన్ని ఆయన కారు అనే అన్నారు. ఇప్పుడు, ఈ బాబుగారు కొనుక్కుంటున్నారు అంటారనుకున్నాను. ఆమె నా వైపు ఒక్కసారి చూశారు.

"నాదే" అన్నారు.

అక్కగారు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరారు. నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది, ఆ కారు నాకు రాదని. బాధ లేదని ఎందుకు చెప్పాలి, ఇంటి ముందు ఎక్కడ పెట్టాలో కూడా కొలుచుకుని వచ్చినవాణ్ణి. అయినా ఆ క్షణంలో ఆవిడ ముఖం చూసినవాడెవడూ ధర మాట ఎత్తడు.

చేపలు ఆగవు కనక అప్పటికప్పుడే పులుసు పెట్టారు. అంత రుచైన చందువా పులుసు నేను మళ్లీ తినలేదు. భోజనం దగ్గరే ఆమె చెప్పేశారు. "మాట మార్చానని అనుకోకండి బాబూ. ఇక అమ్మలేను. ఐసు లారీ నడిపే అబ్బాయిని పెట్టుకుంటాను. మార్కెట్టుకి దీన్లోనే వెళ్తా, బుట్టతోనే."

మోరిస్ మైనర్‌లో రోజూ ఉప్పునీళ్లు కారే బుట్టలు! పాత కార్ల ప్రేమికుడిగా నాకు మూర్ఛ వచ్చినంత పనైంది. కాసేపటికి తేరుకుని, బుట్టల కింద రేకు పళ్లెం వేయమన్నాను. రోజూ రాత్రి మంచినీళ్లతో అడుగు కడగమని, తడిసిన కారు మీద టార్పాలిన్ కప్పొద్దని, మంచులో పెద్ద లైటు వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు కనక డిమ్ములోనే వెళ్లమని చెప్పాను. నూనె మాత్రం సైలెన్సరు దరిదాపుల్లో పూయొద్దన్నాను. అన్నిటికీ తలూపారు.

మంచు దిగకముందే బందరు చేరాం. ఈసారి గడ్డి పరిచిన చోట దిగి, రైతుల చేత పక్కకు లాగించి మరీ వచ్చాను. బ్యాటరీ కారులోనే వదిలేశాను. తులసమ్మగారు దానికి డబ్బులివ్వబోతే, అక్కగారి పులుసుకు ఆ బ్యాటరీ కూడా చాలదన్నాను. రాత్రి ప్యాసింజర్లో చోటు దొరికింది. గుడివాడలో ఎక్కినాయన నా పక్కన కూర్చుని, రెండు నిమిషాలకు లేచి ఎదురు సీటుకు మారాడు. ఆయన్ను నేనేమీ అనుకోలేదు. చేతులు వాసన చూసుకుంటే సొరచేప నూనె, మసి, పులుసు కలిసిపోయి ఉన్నాయి. ఒట్టి చేతులతో ఇంత తృప్తిగా నేను ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

మీరు బందరు వెళ్తే తెల్లవారుజామున చేపల మార్కెట్టు దగ్గర నిలబడండి. మంచులోంచి ముందు వాసన వస్తుంది, తర్వాత ఆకుపచ్చ మోరిస్ మైనర్ వస్తుంది. ముందు సీట్లో తులసమ్మగారు, వెనక సీట్లో బుట్టలు. ఫొటో తీసుకుంటానంటే కాదనరు. ఎక్కి కూర్చోమంటే కూర్చోండి. ధర మాత్రం అడగకండి.